గేటు పక్కన తంగేడు

వనజ నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను రాళ్ళకు నీళ్ళు పోస్తున్నాను.

రాళ్ళ కింద గింజలున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, చూసేవాళ్ళకు తెలియదు. బిల్డింగ్ పని జరిగేచోట నిలబెట్టిన నీలం రేకుల కంచెలో రెండు రేకుల మధ్య చిన్న సందు ఉండేది. ఆ సందులోంచి ఒక గొంతు వినిపించింది.

"సారూ, ఏం ఏసినవ్ ఆడ?"

"తంగేడు" అన్నాను, క్యాన్ వంచుతూనే.

అవతలినుంచి నవ్వు. రేకుల వెనక ఒక్కరే ఉన్నారనుకున్నాను గానీ, ఆ నవ్వు విన్నాక నలుగురున్నారేమో అనిపించింది. తల తిప్పి చూస్తే సందులో ఒక కన్ను, సగం ముక్కు, ఆ ముక్కుకు చిన్న రాయి పుడక కనిపించాయి.

"తంగేడుకు నీళ్ళు పోసెటోన్ని ఈడనే జూస్తున్న" అంది.

"నవ్వేదానికి ఏముండాది? గింజ మొలిచేదానికి నీళ్ళు వద్దా?"

"మొలిచినయా మరి?"

అక్కడే దొరికిపోయాను. అప్పటికి మూడుసార్లు విత్తాను. ఒక్కటీ మొలవలేదు.

అది 2002 జూన్. ఆ ఏడు వానలు సరిగా రాలేదు. ఎలక్ట్రానిక్ సిటీలో మా కంపెనీ క్యాంపస్‌కి బోరు ఎండిపోయి, లాన్ తడపడానికి రోజూ ట్యాంకర్లు వచ్చేవి. మనుషులకు లేని నీళ్ళు గడ్డికి పోయడమేమిటని మా అడ్మిన్ మేనేజర్ ఎలిజబెత్ మేడమ్‌కి మనసొప్పలేదు. నెల్లూరావిడ. ఒకరోజు నన్ను పిలిచి, వెనక గేటు దగ్గర రాళ్ళ నేల చూపించి, నీళ్ళు అడగని తోట ఒకటి వెయ్యి నాగరాజూ అంది. పూలు మాత్రం ఉండాలట, అదీ ఈ నేలలో తమంతట తాము పెరిగే పూలే కావాలట.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. హార్టికల్చర్ డిప్లొమా చదివి ఆ క్యాంపస్ తోటకు సూపర్‌వైజర్‌గా చేరి ఏడాదయింది. మా నాయన మారప్పకు హొసకోటె దగ్గర నర్సరీ ఉంది, రోజాలు, క్రోటన్లు. తంగేడు, గునుగు, విష్ణుక్రాంత వేస్తున్నానని ఫోన్ చేసి చెబితే, బీళ్ళలో పిచ్చిగా పెరిగేదాన్ని పెంచేదానికి జీతమిస్తారా నీకు అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మర్నాడు ఆ కన్ను మళ్ళీ సందు దగ్గరికొచ్చింది. నా దగ్గరున్న గింజలు ఇమ్మని చెయ్యి చాచింది. ఇచ్చాను. ఒక బండరాయి మీద గరుకు ఇసుక పోసి, గింజలు వేసి, ఇంకో రాయితో మెల్లగా రుద్దింది. తంగేడు గింజకు తోలు మందమనీ, ఆ తోలు గీసుకుంటే తప్ప లోపలికి తడి పోదనీ, రుద్ది పారేస్తే చాలు వాన చూసుకుంటుందనీ చెప్పింది. డిప్లొమాలో ఈ పాఠం ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేలమీదికి వచ్చేసరికి మర్చిపోయాను, అంతే.

"పేరేమి?" అని అడిగాను.

"తంగేడు" అంది, నావైపు చూడకుండా.

"నీ పేరు."

"మొక్కల సార్లు మనుషుల పేర్లు గూడ అడుగుతరా" అని, ఇంకో గుప్పెడు రుద్దాక, "వనజ" అంది.

వాళ్ళది పాలమూరు జిల్లా, కోస్గి దగ్గర పల్లె. మా కంపెనీ రెండో బ్లాకు కడుతున్న నలభైమంది కూలీలకు వాళ్ళ నాన్న నర్సింహులు మేస్త్రి. వనజ సెలవులకు అమ్మానాన్నలు పనిచేసే చోటికి వస్తూ పోతూ కోస్గిలో ఇంటర్ దాకా చదివి, తర్వాత వాళ్ళతోనే వచ్చేసింది. పనులకు పోయే తల్లుల పిల్లల్ని టార్పాలిన్ పట్టా కింద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. చేతులకు ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉండేది. నన్ను సార్ అనేది, అదే నోటితో నువ్వు అనేది. వాళ్ళ దిక్కు ఆ రెండూ కలిసే ఉంటాయని తర్వాత తెలిసింది.

రుద్దిన గింజలు వేసిన ఐదో రోజున వాన వచ్చింది. హోసూరు రోడ్డు మీద వెళ్ళే కంపెనీ బస్సులన్నీ ఆ మధ్యాహ్నమే దీపాలు వేసుకున్నాయి. అందరూ పోర్టికోలోకి పరిగెత్తారు. నేను మాత్రం గొడుగు పట్టుకుని రాళ్ళ మధ్య నిలబడ్డాను. సందు అవతల ఆ అమ్మాయి నెత్తిన సిమెంటు సంచి కప్పుకుని నిలబడింది. ఇద్దరం నేలవైపే చూస్తున్నాం. నేల వైపు చూడాల్సిన పని అప్పుడేమీ లేదు.

పది రోజులకు మొలకలు వచ్చాయి. లెక్కపెడితే నూట పన్నెండు. నేను చెప్పకముందే వనజ లెక్కపెట్టుకుని ఉంది.

ఆ మొలకల్ని చూస్తూ ఉండగానే ఒకమాట చెప్పింది. బెంగుళూరు మార్కెట్లలో గునుగు, తంగేడు అమ్మరు. అవి లేకుండా బతుకమ్మ పేర్చలేరు. అందుకని వాళ్ళ ఆడవాళ్ళు ఏ పనిమీద ఏ చోటికి పోయినా, గుడిసెలు వేసుకున్న వారంలోనే వెనక బట్టలుతికే జాగాలో ఈ గింజలు చల్లుతారు. గునుగు ఆ దసరాకే పూస్తుంది. తంగేడుకు ఏడాది పైన పడుతుంది. అంతలో బిల్డింగ్ అయిపోతుంది, వాళ్ళు వెళ్ళిపోతారు.

"ఏడేండ్ల సంది నాటుతున్న. నేను నాటిన తంగేడు పూసంగ ఒక్కపారి గూడ జూడలే" అంది. "ఒక్కపారి జూడాలె."

ఆమె అది కోరికలా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. కానీ నేను అప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయికి ఆ పూలు చూపించాలని.

గునుగు విత్తనాలు నా దగ్గర లేవంటే, కొంగుకు కట్టుకున్న ముడి విప్పి వాళ్ళమ్మ రామక్క గుప్పెడు ఇచ్చింది. విష్ణుక్రాంత, తుమ్మి, ముళ్ళగోరింట ఆదివారాలు నేనే హొసకోటె బీళ్ళలో తిరిగి ఏరుకొచ్చాను. ఒక్కోదాని శాస్త్రీయ నామం చెప్పి వనజ దగ్గర గొప్పలు పోదామని చూశాను. విష్ణుక్రాంత పేరు చెబితే, గంత సన్న మొక్కకు గంత పొడుగు పేరా, మోయలేక పాపం నేలకు ఆనుకున్నది అంది. మర్నాటినుంచి నాకు శాస్త్రీయ నామాలు నోటికి రాలేదు.

రోజులు గడిచేకొద్దీ రేకుల మధ్య సందు పెద్దదైంది. ఎవరో ఒక బోల్టు ఊడదీశారు. నేనైతే కాదు. ఇప్పుడు రెండు కళ్ళూ, పూర్తి ముక్కూ కనిపించేవి. వెనక గేటు దగ్గర సెక్యూరిటీ ఆవులప్ప ఆ బోల్టు సంగతి చూసి కూడా, గాలికి ఊడిందేమో అని నాకు వినపడేలా అనేవాడు.

అక్టోబరు వచ్చేసరికి గునుగు పూసింది. తెల్లగా, కొసల్లో గులాబీ రంగుతో, రాళ్ళ నేలంతా కదిలింది. ఒక్క ట్యాంకర్ నీళ్ళు పోయలేదు. ఆఫీసు వాళ్ళు టీ కప్పులతో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. ఎలిజబెత్ మేడమ్ ఫోటో తీయించింది. నా కాళ్ళు నేలమీద లేవు.

ఆ ఊపులో ఒక బోర్డు రాయించాను.

తోటమాలి కొడుకుని, తోట చదువు చదివినవాణ్ణి. పుట్టినప్పటినుంచి చూసిన ప్రతి తోటలోనూ ఆ బోర్డు ఉంది. తోటంటే అదొకటి ఉండాలనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు. కన్నడంలో, ఇంగ్లీషులో రాయించాను. కూలీల షెడ్లలో ఉండేది మనవాళ్ళే కదా, వాళ్ళకు అర్థం కావాలని కింద తెలుగులో కూడా రాయించాను. పెయింటర్‌ను ఒప్పించి ఆ తెలుగు అక్షరాలు నేనే దిద్దాను. పూలు కోయరాదు.

మర్నాడు సందు దగ్గర ఎవరూ లేరు. ఆ మర్నాడూ లేరు. మూడోరోజు చూస్తే బోల్టు బిగించి ఉంది.

జ్వరమేమో అనుకున్నాను. పని ఎక్కువేమో అనుకున్నాను. నేను చేసిన పని తప్ప మిగతావన్నీ అనుకున్నాను. వారం పోయాక ఎలిజబెత్ మేడమ్ మాటల్లో, షెడ్లవాళ్ళ పూల పండగ అయిపోయిందటగా, నిన్ను పిలవలేదా అంది. అప్పుడు బోర్డు గుర్తొచ్చింది. గేటు తిరిగి షెడ్లకు పోయాను.

రామక్క బట్టలుతుకుతోంది. ఆమె వెనక, వాళ్ళు చల్లుకున్న గునుగు ఆరు మొక్కలున్నాయి. నలభైమందికి ఆరు మొక్కలు. ఉన్న గింజలన్నీ నాకే ఇచ్చేసిందని అప్పుడర్థమైంది.

"బంతిపూలు కొనుక్కొచ్చి జేస్కున్నం బిడ్డా" అంది. కోపంగా అంటే బాగుండేది. నవ్వుతూనే అంది.

వనజ పట్టా కింద పిల్లలతో ఉంది. పలక మీంచి తల ఎత్తలేదు.

"నాకు తోచలేదు వనజా. మీకోసం కాదు ఆ బోర్డు."

"తెలుగుల ఎవలకోసం రాసినవ్ మరి?"

నేను పట్టా అంచు పట్టుకుని నిలబడ్డాను.

"మా అమ్మ పొద్దుగాల్నే గంప పట్టుకొని వచ్చింది. బోర్డు జూసి, ఏం రాసిన్రు బిడ్డా అని నన్నే అడిగింది. ఆమెకు సదువు రాదు. నాకొస్తది." సుద్దముక్క కింద పెట్టింది. "నేనే సదివి చెప్పిన సార్."

ఎవరూ నన్ను అంతకన్నా పెద్ద మాట అనలేదు. ఆ సాయంత్రమే బోర్డు పీకి స్టోరు రూములో గోడకు తిప్పి పెట్టాను.

ఇంకో పాఠం కూడా ఆ నెలలోనే అయింది. నేను అంత కాపాడుకున్న గునుగంతా మూడు వారాల్లో గింజ పట్టి, గోధుమ రంగు తిరిగి వాడిపోయింది. బట్టలుతికే జాగాలో వాళ్ళు కోసుకున్న ఆరు మొక్కలూ పక్క కొమ్మలు వేసి డిసెంబరు దాకా పూస్తూనే ఉన్నాయి. అదెట్లా అని రామక్కను అడిగాను. కొయ్యకుంటే పువ్వు గింజ పడుతుంది, గింజ పడ్డాక మొక్కకింకేం పని ఉంటుంది అందామె. నీళ్ళు అడగని తోట అడిగేది కోసేవాళ్ళనని నాకు ఎవరూ నేర్పలేదు.

సందు మళ్ళీ తెరుచుకోవడానికి ఫిబ్రవరి దాకా పట్టింది. ఒకరోజు పొద్దున బోల్టు నా క్యాన్ పక్కన రాయి మీద పెట్టి ఉంది. నేను దాన్ని జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

"తంగేడు ఎప్పుడు పూస్తది?" అని అడిగింది అవతలినుంచి, నాలుగు నెలల మౌనం మధ్యలో ఏమీ జరగనట్టు.

"దసరాకు. మొదటి పువ్వు నువ్వే కోయల్ల. మొత్తం మీదే. బతుకమ్మకు మొత్తం కోసేయండి."

"అప్పటిదాంక ఈడ ఉంటమా?"

రెండో బ్లాకు అప్పటికి నాలుగో అంతస్తులో ఉంది. ఇద్దరం దానివైపు చూశాం. దాన్ని ఎంత నిదానంగా కడితే అంత బాగుండునని ఆ క్యాంపస్‌లో కోరుకున్నవాళ్ళం మేమిద్దరమే.

నా మనసులో మాట దసరా రోజున చెప్పాలని నిశ్చయించుకున్నాను. అంతదాకా ఎందుకు ఆగావని మీరడగవచ్చు. పూలు పూశాక, వాటిని చూపించి చెబుదామనుకున్నాను. తోటవాళ్ళకుండే జబ్బు ఇది, దేనికైనా కాలం కలిసిరావాలంటారు.

2003 ఆగస్టులో మా నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. నర్సరీ చూసుకోవడానికి హొసకోటె పోయి మూడు వారాలు ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి నీలం రేకులు లేవు. షెడ్లు లేవు. రెండో బ్లాకు అద్దాలు మెరుస్తున్నాయి, బట్టలుతికే జాగాలో కొత్త లాన్ పరిచి ఉంది. నా తోటలో తంగేడు నడుమెత్తు పెరిగి మొగ్గ తొడిగింది.

ఆవులప్ప ఒక గుడ్డ ముడి ఇచ్చాడు. లోపల గునుగు గింజలు.

"ఏమన్నా చెప్పిందా అప్పా?"

"పూలు కోస్తా ఉండమని చెప్పు అన్నది. రెండుతూర్లు వెనక్కి వచ్చి అదే చెప్పింది."

అడ్రసు లేదు. ఆ రోజుల్లో వాళ్ళెవరి దగ్గరా ఫోన్లు లేవు. కాంట్రాక్టరు ఆఫీసులో అడిగితే సర్జాపుర రోడ్డు అన్నారు. ఆ రోడ్డు పొడవునా కడుతున్నవి వంద.

ఆ దసరాకు తంగేడు పూసింది. అంత పసుపు నేనెప్పుడూ చూడలేదు. వనజ చూడాల్సిన పువ్వు అది. నేను కోశాను, ఆమె కోస్తూ ఉండమంది కాబట్టి. బకెట్లలో పెట్టి రిసెప్షన్‌లో పెట్టాను, అడిగినవాళ్ళకు ఇచ్చాను. ఎలిజబెత్ మేడమ్ ఒక బకెట్ దగ్గర ఆగి, పూలు బాగున్నాయి, నువ్వే బాగాలేవు అంది. జరిగింది చెప్పాను. ఆదివారాలు రూములో పడుకుని ఏం సాధిస్తున్నావు, బండెక్కు అంది.

మా నాయన పాత మోపెడ్ తెచ్చుకుని బండెక్కాను.

సర్జాపుర రోడ్డులో మూడు ఆదివారాలు తిరిగాక, ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన ఆగిపోయాను. కాంపౌండు గోడ వెంబడి విరిగిన ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ ఇటుకల లోపల గునుగు, కోసి కోసి గుబురైన గునుగు. దాని మధ్య జానెడు తంగేడు మొలకలు. వాచ్‌మన్‌ను అడిగితే, పాలమూరువాళ్ళు పది రోజుల కింద పోయారన్నాడు. ఎక్కడికో తెలీదన్నాడు.

అప్పటినుంచి నాకు మనుషుల్ని అడగడం తగ్గింది, మొక్కల్ని చూడడం అలవాటైంది. తంగేడు ఎత్తును బట్టి వాళ్ళు ఎప్పుడు వచ్చారో, ఎంతకాలం ఉన్నారో చెప్పగలిగేవాణ్ణి. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పార్కు గేటు పక్కన మోకాలెత్తు తంగేడు కనిపించింది. అంటే అక్కడినుంచి పోయి చాన్నాళ్ళయింది. కృష్ణరాజపురంలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ గేటు దగ్గర మొదటి పూత. సెక్యూరిటీ అనుమానంగా చూస్తుండగానే నాలుగు రెమ్మలు కోశాను. ఆమె నాటింది, ఆమె చూడనిది, కనీసం నేనైనా చూడాలనిపించింది. ప్రతిచోటా ఆలస్యంగానే చేరేవాణ్ణి. వాళ్ళు ముందు, నేను వెనక, మధ్యలో ఆ పసుపు.

ఆ రెండేళ్ళలో బెంగుళూరు ఎంత పెరిగిందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదేమో. ప్రతి కొత్త అద్దాల మేడ పక్కనా దిగి గేటు దగ్గర నేల చూసుకున్నవాణ్ణి. ఇప్పుడు 2009లో మా ఎలక్ట్రానిక్ సిటీ రోడ్డు మీద కూడా పెద్ద ఫ్లైఓవర్ కడుతున్నారు. దాని కింద నీలం రేకులు కనిపిస్తే ఇప్పటికీ నా చూపు సందుల కోసం వెతుకుతుంది.

2005 సెప్టెంబరు చివర్లో యలహంక దగ్గర ఒక గేటు పక్కన మొలకలు కనిపించాయి. వేలెడెత్తు. చేత్తో తాకితే నేల ఇంకా మెత్తగా ఉంది. గేటు దగ్గరున్నాయన, దేవనహళ్ళి వైపు పోయారు, విమానాశ్రయం పనికి అన్నాడు.

సద్దుల బతుకమ్మ రోజున సెలవు పెట్టాను. తెల్లవారగానే నా తోటలో కత్తెర వేసి, ఉన్న తంగేడూ, ఉన్న గునుగూ మొత్తం కోసేశాను. ఒక్క పువ్వు మిగల్చలేదు. మధ్యాహ్నానికి మా నాయన నర్సరీ టెంపో తీసుకుని తనే వచ్చాడు. గోనె పట్టాలు తడిపి పూలు పరుస్తుంటే, ఎవురికిరా ఇన్ని అన్నాడు. చెప్పాను. బెంగుళూరు దాటాక, రోజాలమ్మేదానికి కూడా నేనింత దూరం పోలేదు కదరా అని గేరు మార్చాడు.

అక్కడ లేబర్ క్యాంపులు ఒకటి కాదు, కనుచూపు మేర రేకులు. నాయన బండి ఆపి, దీంట్లో ఆ పిల్లను ఎట్లా కనుక్కుంటావురా అన్నాడు.

"గేట్ల దగ్గర నిదానంగా పో నాయనా."

మొదటి గేటు, రెండో గేటు, ఏమీ లేదు. ఐదో గేటు పక్కన రేకుల వెంబడి విరిగిన ఇటుకలు వరసగా కనిపించాయి. వాటి లోపల రెండేసి, మూడేసి ఆకుల తంగేడు మొలకలు. సాయంత్రమైంది కాబట్టి ఆకులు ముడుచుకుంటున్నాయి. నేను ఆపు అనకముందే నాయన బ్రేకు వేశాడు.

లోపల ఆడవాళ్ళు చిన్న తాంబాళంలో బంతిపూలు పేరుస్తున్నారు. రామక్క నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. లోపలి వైపు చెయ్యి చూపింది. షెడ్డులోంచి వనజ వచ్చింది. కొంచెం చిక్కింది. చేతులకు సుద్దపొడి అలాగే ఉంది.

నన్ను చూసి, నా వెనక టెంపోను చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"బోర్డు తెచ్చినవా సార్?"

"పీకేసినా. మూడేండ్లయింది."

టెంపో వెనక తలుపు కిందికి దించి పట్టా లాగాను. ఆ పసుపు చూసి ఆడవాళ్ళంతా ఒక్కసారి దగ్గరికొచ్చారు. వనజ రాలేదు. అక్కడే నిలబడింది.

"ఇవి నువ్వు రాయి మీద రుద్దిన గింజలే" అన్నాను. "ఎలక్ట్రానిక్ సిటీవి. నూట పన్నెండులో తొంభై బతికినాయి."

అప్పుడు వచ్చింది. ఒక రెమ్మ తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. పువ్వును తిప్పి తిప్పి చూసింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా నాయన బీడీ వెలిగించుకుని టెంపో టైరు చూడ్డానికి అటు పోయాడు.

"నువ్వంటే నాకిష్టం వనజా. పూలు పూసినాంక చెప్దామనుకున్నా."

"పూసి రెండేండ్లాయె."

"నువ్వు యాడుంటే ఆడికి తేవల్ల కదా."

ఆమె ఆ రెమ్మను జడలో పెట్టుకుంది. మా దిక్కు ఎవరూ తంగేడును జడలో పెట్టుకోరు. నాకు జవాబు దొరికింది.

నర్సింహులు మేస్త్రి ఇదంతా పక్కనుంచి చూస్తూనే ఉన్నాడు. నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు, మా పిల్లను ఒక్క జాగాలో నిలబెడతావా లేక నువ్వే మా వెంట తిరుగుతావా అని. రెండేళ్ళుగా తిరుగుతూనే ఉండానప్పా, ఇంక వనజ ఎట్లంటే అట్ల అన్నాను. నాటినకాడ ఉండి పూసేది చూడాలని ఉన్నది నాయినా అంది వనజ. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, మా నాయన దగ్గరికి పోయి బీడీకి నిప్పు అడిగాడు. వాళ్ళిద్దరూ టెంపో బానెట్‌కు ఆనుకుని ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, తిరిగి వచ్చేటప్పుడు మా నాయన, తంగేడు మొలిపించిన పిల్లకు రోజాలొక లెక్కా అంటున్నాడు.

రామక్క నన్ను వదల్లేదు. కొయ్యొద్దన్న చేతులతోనే పేర్చు అని తాంబాళం ముందు కూర్చోబెట్టింది. గునుగు ఒక వరస, తంగేడు ఒక వరస. నాకు రాలేదు. వరస వంకరపోయిన ప్రతిసారీ వనజ పక్కనుంచి సరిచేసింది. మా వేళ్ళు తగులుకున్నాయి. అడ్డం ఏ రేకూ లేదు.

అప్పుడడిగాను, రెండేళ్ళుగా మనసులో ఉన్న మాట.

"ముందు మీవాళ్ళు గుడిసెల ఎనక చల్లేవాళ్ళు కదా, బట్టలుతికే జాగాలో. ఎలక్ట్రానిక్ సిటీ తర్వాత అన్నిచోట్లా గేటు పక్కనే ఉండాయి. ఎందుకట్లా?"

వనజ తలెత్తలేదు. తంగేడు పువ్వొకటి తీసి, వరసలో నేను వదిలేసిన ఖాళీలో పెట్టింది.

"ఎనక నాటితే నీకెట్ల కనవడ్తది?"